మదనపల్లె, పుంగనూరు, కుప్పం: కరవు సాయం ఎలా అందుతుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో విపత్తు అంటే ముందు గుర్తొచ్చేది కరవే. సముద్రానికి దూరంగా, ఎత్తైన నేలపై ఉండటంతో తుపాను గాలుల దెబ్బ ఇక్కడ తక్కువ. వేరుశనగకు వానే దిక్కు, టమాటాకు బోరే ఆధారం.

కరవును ఎవరు ప్రకటిస్తారు?
రాష్ట్ర ప్రభుత్వమే, మండలం యూనిట్‌గా. వర్షపాతం లోటు, వానల మధ్య విరామం, సాగు విస్తీర్ణం, నేలలో తేమ వంటివి చూస్తారు. 2023 ఖరీఫ్‌లో 103 మండలాలను ప్రకటించగా, వాటిలో అన్నమయ్య, చిత్తూరు జిల్లాలవీ ఉన్నాయి.

సాయం ఎంత?
పంట 33 శాతం, ఆపైన నష్టపోవాలి. 2022-26 కేంద్ర నిబంధనల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు రూ.8,500, నీటి వసతి ఉంటే రూ.17,000. పరిమితి రెండు హెక్టార్లు. రాష్ట్రం ఇంకా ఎక్కువ ఇవ్వొచ్చు.

ఏం చేయాలి?
సీజన్‌లోనే ఈ-పంట నమోదు చేయించాలి. ఊళ్లో పొలం కౌలుకిచ్చి నగరంలో ఉంటున్నారా? సాగు చేస్తున్నవారి పేరే నమోదైందో లేదో చూడండి. లేదంటే నష్టపోయిన కౌలురైతుకు సాయం అందదు.

వరద ముప్పు లేదా?
ఉంది. 2021 నవంబరు 19న రాజంపేట వద్ద చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ ఊళ్లు మునిగాయి. మదనపల్లె వైపు నుంచి వచ్చే బాహుదా చేరేదీ చెయ్యేరులోనే. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే ఆ నీరంతా కింది చెరువుపై పడుతుంది. కట్టకు గండి కనిపిస్తే 112కు లేదా జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు ఫోన్ చేయండి.