వేప గింజలతో మొదలైన వ్యాపారం

ప్రతి ఏడూ ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పులు ఎన్ని, వసూలు ఎంత అని రాసుకుంటాం. ఈసారి వాటితో పాటు కొంత చరిత్ర కూడా రాస్తున్నాం. వచ్చే ఖరీఫ్‌కి మన సమాఖ్య తరఫున వేప పొడి యూనిట్ పెట్టాలా వద్దా అని సంఘాల్లో చర్చ నడుస్తోంది కదా. అందులో పెద్దగా మిగలదని కొందరు అక్కలు అంటున్నారు. ఆ పని మనకంటే ముందు చేసిన ఆడవాళ్ల సంగతి తెలుసుకుని నిర్ణయం తీసుకుందాం.

1997-98లో వరంగల్ వైపు పత్తి పురుగు పాలైంది. అప్పులు తీర్చలేక ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. విత్తనం, ఎరువు, పురుగుమందు అప్పుగా ఇచ్చేది ఒకే దుకాణం. పండిన పత్తి కొనేదీ అదే. వాళ్లు చెప్పిందే ధర. మందు కొట్టేకొద్దీ అక్షింతల పురుగుల్లాంటి మిత్ర పురుగులు చచ్చాయి. పచ్చపురుగు మాత్రం మందుకు అలవాటు పడిపోయింది. దాంతో ఇంకో మందు, ఇంకో అప్పు.

అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల కూడా అలాంటి పత్తి ఊరే. 1999లో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ మందులు లేని పద్ధతులు చూపించింది. మొదట కొద్దిమంది రైతులే ముందుకొచ్చారు. పని ఊరంతా పాకడానికి మహిళా సంఘం గట్టిగా నిలబడింది. మందు కొట్టి వచ్చిన మనిషికి వాంతులైతే చూసుకునేది ఆడవాళ్లే. అప్పు ముదిరితే ముందు కుదువకు పోయేదీ ఆడవాళ్ల ఒంటిమీది బంగారమే. సంఘం వేప గింజలు పొడి చేసే యంత్రం నడిపింది, కొందరికి అక్కడే పని దొరికింది. 2004లో పునుకుల పురుగుమందులు వాడని ఊరుగా ప్రకటించుకుంది.

అందులో మంత్రం ఏమీ లేదు. ఎకరానికి 5 కిలోల వేప గింజల పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టాలి. పిండి, వడగట్టి, కొంచెం సబ్బు పొడి వేసి, 100 లీటర్లు అయ్యేలా నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. చేను చుట్టూ ఆముదం, మధ్యమధ్యలో బంతి వేస్తే పురుగు ముందు వాటి మీద వాలుతుంది. పసుపు పలకలకు జిగురు రాసి పెడితే తెల్లదోమ అంటుకుంటుంది.

ఆ తరవాత పేదరిక నిర్మూలన సంస్థ, అంటే మన సెర్ప్, సుస్థిర వ్యవసాయ కేంద్రంతో కలిసి ఈ పనిని మహిళా సమాఖ్యల చేతికే ఇచ్చింది. 2005-06లో సుమారు 25 వేల ఎకరాల్లో జరిగిన సాగు 2008-09 నాటికి 13 లక్షల ఎకరాలు దాటింది. పశువులు లేనివాళ్లు, కషాయం కాచుకునే తీరిక లేనివాళ్లు కొనుక్కోవడానికి ఊళ్లలో చిన్న దుకాణాలు పెట్టారు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం కూడా ఎక్కువగా మహిళా సంఘాల బలం మీదే నడుస్తోంది.

ఇప్పుడు ఇలాంటి పనిని సామాజిక వ్యాపారం అంటున్నారు. పేరు కొత్తదే గాని దాని లెక్క మనకు తెలిసిందే. వేప పొడి అమ్మితే యూనిట్‌కు మిగిలేది తక్కువే, ఆ అక్కలు చెప్పింది నిజం. కానీ అది ఒక్క పుస్తకంలోని లెక్క. జూన్, జూలైలో వేపపండ్లు ఏరిన ఒంటరి మహిళకు వచ్చే కూలి ఇంకో పుస్తకంలో ఉంటుంది. దుకాణానికి పోకుండా ఇంట్లో నిలిచిన రూపాయి మూడో పుస్తకంలో ఉంటుంది. చెరువులోకి చేరని విషానికి, చేలో మళ్లీ కనబడే అక్షింతల పురుగుకు అసలు పుస్తకమే లేదు. మూడు పుస్తకాలూ కలిపి చూస్తేనే లాభమో నష్టమో తేలుతుంది.

అయితే ఒక్క చేను మారితే చాలదు. పక్క చేలో మందు కొడితే మిత్ర పురుగులు ఇక్కడా చస్తాయి. అందుకే ఇది ఒక్కరి వ్యాపారంగా కంటే సంఘం వ్యాపారంగా బాగా నిలబడుతుంది.

కాబట్టి సర్వసభ్య సమావేశానికి వచ్చే ముందు ప్రతి గ్రామైక్య సంఘం ఒక పని చేయాలని కోరుతున్నాం. సభ్యులు పోయిన ఏడు పురుగుమందుకు ఎంత పెట్టారో, అందులో సంఘం అప్పు ఎంత ఉందో ఇంటింటికీ అడిగి రాసుకురండి. ఆ కాగితాలు ముందు పెట్టుకుని యూనిట్ సంగతి తేల్చుకుందాం.