సంవేదినికి నోరిచ్చిన విద్యుత్ వలయము

నెత్తురుచుక్కలోని చక్కెరను కొలది క్షణములలో అంకెగా చూపు చేతియంత్రము నేడు పలు ఇండ్లలో కలదు. చక్కెరను గుర్తించునది దాని కొననున్న చిన్న పట్టీ. ఆ గుర్తింపును అంకెగా మార్చునది లోపలి విద్యుత్ వలయము. అది లేనిచో ఎంత సున్నితమైన జీవసంవేదినియైనను మూగదే.

1956లో అమెరికా శాస్త్రజ్ఞుడు లీలాండ్ క్లార్క్ ప్లాటినము ఎలక్ట్రోడును పలుచని ప్లాస్టిక్ పొరతో కప్పి, రక్తములోని ఆక్సిజనును కొలుచు సాధనమును ప్రకటించెను. దానికి సుమారు 0.6 వోల్టును కల్పించినచో, ఆక్సిజను ఎంత యున్నదో అందుకు తగినంత విద్యుత్తు ప్రవహించును. 1962లో ఆయన లయన్స్ అను సహచరునితో కలిసి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అను ఎంజైమును దీనికి జోడించెను. చక్కెరపై ఎంజైము పనిచేయునపుడు ఆక్సిజను వ్యయమగును. ఆ తరుగుదలయే చక్కెరకు కొలత. ఇట్టి ఎంజైము ఎలక్ట్రోడుతో 1975లో విపణికి వచ్చిన యంత్రము బల్లపై నుంచి వాడదగినది, చేతబట్టదగినది కాదు.

ఇట్టి సంవేదినిని చదువు వలయమునకు రెండు పనులు కలవు. మొదటిది ఎలక్ట్రోడు వోల్టేజిని నిలకడగా నుంచుట. ఈ పని చేయు పరికరమునకు ఇంగ్లండులోని లెస్టరులో హిక్లింగ్ 1942లోనే పొటెన్షియోస్టాట్ అని పేరిడెను. రెండవది అత్యల్పమైన విద్యుత్తును కొలువదగిన వోల్టేజిగా మార్చుట. 1 నానోఆంపియరు, అనగా ఆంపియరులో నూరు కోట్లవ వంతు, 1 కోటి ఓముల నిరోధము గుండా పోయినచో 10 మిల్లీవోల్టులు లభించును.

లెక్క సులభమే; ఆచరణ కష్టము. 1968లో వెలువడిన 741 అను వర్ధకము తన ప్రవేశద్వారమునందే సుమారు 80 నానోఆంపియరులను గ్రహించును. కొలువవలసినది 1 నానోఆంపియరైనపుడు ఇది కంచె చేను మేసినట్లే యగును. క్షేత్రప్రభావ ట్రాన్సిస్టరులు ద్వారముగా గల వర్ధకములు 1970 దశకములో విరివిగా లభించిన పిమ్మట ఈ చిక్కు చాలవరకు తీరెను. వాని గ్రహణము పికోఆంపియరులలోనే యుండును.

1984లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఎంజైమునుండి ఎలక్ట్రోడునకు ఎలక్ట్రానులను చేరవేయుటకు ఫెర్రోసీన్ సమ్మేళనమును వాడిరి. ఆక్సిజనుపై ఆధారపడుట తగ్గెను. 1987లో కలమంత గ్లూకోజ్ మాపకము విపణికి వచ్చెను. రోగి ఇంటిలోనే పరీక్ష చేసికొనుట సులభమయ్యెను.

2001లో హార్వర్డులో చార్లెస్ లీబర్ బృందము వెంట్రుకకన్న వేలరెట్లు సన్నని సిలికాన్ తీగతో ప్రోటీనును గుర్తించెను. తీగ నానోమీటరులలో నున్నను, దానిని చదివిన పరికరములు ప్రయోగశాలవే. సంవేదిని చిన్నదైనంతమాత్రమున యంత్రము చిన్నది కాదు.

విపణిలో వేల డాలర్లు పలుకు పొటెన్షియోస్టాట్‌ను 80 డాలర్లలోపు విడిభాగములతో నిర్మింపవచ్చునని 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా శాఖ పరిశోధకులు చూపి, దాని పటమును, ప్రోగ్రామును అందరికి విడుదల చేసిరి. కొలుచు శక్తి ధనిక ప్రయోగశాలల సొత్తుగా మిగులునా, పాఠశాల బల్లకును చేరునా అను ప్రశ్నకు సగము జవాబు ఈ చిన్న వలయమునందే కలదు.