భవనము బండ్లను పుట్టించునా?

ఒక కూడలిలో క్రొత్తగా పెద్ద అంగడి వెలసినది. అది తెరచిన నాటినుండి ఆ వీథిలో బండ్లు క్రిక్కిరిసిపోవుచున్నవి. ఆ బండ్లెన్నియో అంగడి కట్టకముందే లెక్కకట్ట వీలగునా?

ఈ ప్రశ్న మొదట ఇంజనీర్లకు తోచలేదు. వారు రహదారిని నదివలె భావించి, దానిపై పోవు వాహనములను లెక్కించి, ఏటేటి పెరుగుదలను కూడి, రోడ్డును వెడల్పు చేయుచుండిరి. 1944లో అమెరికాలో ఇంటింటికి పోయి, ఇంటివారు ఒక దినమున ఎచ్చటినుండి ఎచ్చటికి, ఏ పనికై పోయిరో అడిగి వ్రాసికొను పద్ధతి మొదలైనది. 1954లో రాబర్ట్ మిచెల్, చెస్టర్ రాప్‌కిన్ అనువారు ఒక గ్రంథము వెలువరించి, పట్టణములోని ట్రాఫిక్ భూవినియోగమునకు ప్రమేయమని ప్రతిపాదించిరి. అనగా ఇండ్లు, కచేరీలు, అంగళ్లు ఊటలు. రోడ్డుపై కనబడునది ఆ ఊటల నీరే. డెట్రాయిట్, షికాగో నగరములలో ఆ దశాబ్దముననే జరిగిన పెద్ద పరిశీలనలు ఈ భావమును లెక్కలలోనికి దింపినవి.

1976లో అమెరికాలోని రవాణా ఇంజనీర్ల సంస్థ, ఏ రకపు కట్టడమునకు ఎన్ని రాకపోకలు కలుగునో తెలుపు పట్టికలను ప్రకటించెను. ఇక పని సులువైనది. కట్టబోవు భవనపు వైశాల్యమును పట్టికలోని అంకెతో హెచ్చవేసి, వచ్చిన వాహనములను చుట్టుపట్ల రోడ్లకు పంచి, కూడళ్లు తట్టుకొనగలవో లేవో చూచుటయే.

కాని ఆ అంకెలెట్టివి? కారు దిగకయే తినుబండారములు కొనుక్కొని పోదగిన హోటలునకు, 1987 నాటి కూర్పులో, ప్రతి 1000 చదరపు అడుగులకు దినమునకు 632.125 రాకపోకలని కలదు. దశాంశ బిందువు తరువాత మూడు స్థానములు! ఈ అంకెకు ఆధారము 8 హోటళ్లు మాత్రమే. ఆ హోటళ్ల మధ్య రాకపోకలలో కనబడిన తేడాలలో నూటికి 7 పాళ్లనైనను వైశాల్యము వివరింపజాలదని ఆచార్య డొనాల్డ్ షూప్ 2003లో ఎత్తిచూపెను. మామూలు స్కేలుతో కొలిచి, జవాబును మిల్లీమీటరులో వేయవ వంతువరకు వ్రాసిన విద్యార్థిని మనము మందలింపకుందుమా? ఇచ్చట మాత్రము అట్టి అంకెలనుబట్టియే అనుమతులు, ఖర్చులు తేలుచుండెను.

కొలమానములోను చిక్కు కలదు. 1965నుండి రోడ్ల స్థితిని ఏ మొదలు ఎఫ్ వరకు ఆరు తరగతులుగా విభజించుచుండిరి. నగరమధ్యమున కూడళ్లు ముందే నిండియుండును గనుక, అచ్చట కట్టిన చిన్న భవనమైనను ఆలస్యమునకు కారణముగా తేలును. ఊరికి దూరమున ఖాళీ రోడ్ల ప్రక్క కట్టినచో తప్పు కనబడదు. అయితే అచ్చటివారు ప్రతి పనికిని మైళ్లకొలది కారు నడుపవలసినదే! కాలిఫోర్నియా రాష్ట్రము 2013లో దీనిని సరిదిద్ద శాసనము చేసెను. 2020 జూలై 1 నుండి అచ్చటి పర్యావరణ పరిశీలనలో కూడలివద్ద ఆలస్యమునకు బదులు, ఆ కట్టడమువలన వాహనములు మొత్తముమీద ఎన్ని మైళ్లు తిరుగునో లెక్కించుచున్నారు.