సంగీతంలో ఆనర్స్ – మన మన్యానికి ఎంత దూరం?

గూడెం కొత్తవీధి మండలంలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో పిల్లలు మా దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. డీఎస్సీకి ఏ గ్రూపు మంచిది? నర్సింగ్‌లో చేరితే ఉద్యోగం వస్తుందా? పోలీసు సెలెక్షన్లు ఎప్పుడు? ఒకసారి మాత్రం ఒక చెల్లెలు వేరే ప్రశ్న అడిగింది. "సంగీతంలో డిగ్రీ ఉంటుందా అన్నా?" అంది. పక్కనే కూర్చున్న పెద్దాయన నవ్వి, "పాటకి కాలేజీ ఎందుకమ్మా? పండక్కి నలుగురితో కలిసి పాడితే రాదా?" అన్నాడు.

ఆ ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అయితే ఆ రోజు మేము సరైన సమాధానం చెప్పలేకపోయాం. తరువాత పుస్తకాలు చూసి, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్న చరిత్రను ఈ సంచిక ద్వారా మీ ముందు ఉంచుతున్నాం.

ముందుగా ఆనర్స్ అంటే ఏమిటో చూద్దాం. ఒకే విషయాన్ని ప్రధానంగా తీసుకుని లోతుగా చదివే డిగ్రీ అది. 2023–24లో మన రాష్ట్రంలో డిగ్రీలో ఒకే మేజర్ సబ్జెక్టు ఎంచుకునే పద్ధతి వచ్చింది. మూడేళ్లు చదివితే డిగ్రీ, నాలుగో ఏడు కూడా పూర్తిచేస్తే ఆనర్స్. యూజీసీ లెక్కలో మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. సంగీతంలో ఆనర్స్ చేసేవాళ్లు పాడటమో వాయించటమో నేర్చుకుంటూనే స్వరం, తాళం, రాగలక్షణం, వాద్యాల నిర్మాణం, సంగీత చరిత్ర చదువుతారు. విన్నదాన్ని స్వరలిపిలో రాయడం నేర్చుకుంటారు. పరీక్షలో సగం నోటితోనో చేతితోనో అయితే, సగం కలంతో.

ఈ చదువు ప్రపంచంలో కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1464లోనే ఒకరికి సంగీతంలో బ్యాచిలర్ పట్టా ఇచ్చింది. మన దేశంలో మాత్రం చాలాకాలం సంగీతం గురువుగారి ఇంట్లో, గుడిలో, జమీందారు కొలువులో ఉండిపోయింది. అది బడిగా మారిన తొలి చోట్లలో ఒకటి మన కొండ దిగువనే ఉంది. అదే విజయనగరం.

1919లో విజయనగరం మహారాజు విజయరామ గజపతి అక్కడ సంగీత పాఠశాల పెట్టించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. అదే ఏడాది ద్వారం వేంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యులుగా చేరారు. ఆయనకు చూపు సరిగా ఆనేది కాదు. చేతిలో పట్టా ఏదీ లేదు, ఉన్నదల్లా విద్వత్తే. 1936లో నారాయణదాసు తరువాత ఆయనే అధ్యక్షులయ్యారు. ఇంకో మాట గుర్తుంచుకోండి. వయొలిన్ మన దేశపు వాద్యం కాదు, తెల్లవాళ్లతో వచ్చింది. దాన్ని మన సంగీతానికి తగ్గట్టు శ్రుతి చేసి, ఒళ్లో ఆనించి వాయించడం నేర్చి, వందేళ్లలో పాఠ్యాంశం చేసేశారు. కాబట్టి బడిలోకి వచ్చే వాద్యం ఏదన్నది ముందే రాసిపెట్టి ఉండదు. దాన్ని మోసుకొచ్చే మనిషి ఉండాలి.

ఘంటసాల ఆ పాఠశాలలోనే చదివారు. తండ్రి పోయాక, సంగీతం నేర్చుకోవాలని చేతిలో డబ్బు లేకుండా విజయనగరం చేరాడా పిల్లవాడు. జోలె కట్టుకుని ఇంటింటా మధుకరం ఎత్తుకుని తిన్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనను చేరదీసి పాఠం చెప్పారు. ఆ పాఠశాలే నేడు మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు, దానిపై రెండేళ్ల డిప్లొమా అక్కడ ఉన్నాయి.

ఇప్పుడు అదే కాలంలో మన కొండమీద ఏం జరుగుతోందో చూడండి. 1882 అటవీ చట్టం పోడును నేరం చేసింది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయడానికి మన పూర్వీకులను వెట్టికి లాగారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు చెబితే నేటికీ మన పెద్దలు మొహం చిట్లిస్తారు. విజయనగరంలో పాఠశాల పెట్టిన మూడేళ్లకే, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొరలతో కలిసి మనవాళ్లు చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడిచేశారు. సెప్టెంబరు 24న మన మండలంలోని దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు తెల్ల అధికారులు నేలకూలారు. కొండ కింద ఒక తరం సరిగమలు దిద్దుకుంటుంటే, కొండమీద అదే తరం అడవి కోసం ప్రాణాలిస్తోంది. ఘంటసాల పుట్టింది కూడా ఆ 1922లోనే. మనవాళ్లకు పాట రాక చదువుకు దూరమయ్యారని ఎవరైనా అంటే ఈ తేదీలు చెప్పండి. మనకు పాట ఉంది. కూర్చుని దాన్ని రాసుకునే తీరిక ఎవరూ ఇవ్వలేదు.

అయితే పాఠ్యపుస్తకంలో మన పాట లేకపోవడానికి ఇంకా పాత కారణం ఒకటుంది. మతంగముని రాసిన బృహద్దేశి వెయ్యేళ్లకు పైబడిన సంగీత గ్రంథం. సంగీతంలో ఆనర్స్ చదివేవాళ్లు ఆ పేరు తప్పక వింటారు. రాగం అంటే ఏమిటో వివరించిన తొలి గ్రంథం అదే. నాలుగు, అంతకు తక్కువ స్వరాలతో సాగే పాట 'మార్గం' కాదని, అంటే శాస్త్రీయం కాదని, అందులో ఒకచోట ఉంది. అలాంటి పాట ఎవరిదో కూడా వరసగా చెప్పారు. శబరులు, పుళిందులు, కిరాతులు, అడవుల్లో ఉండేవారు అన్నారు. ఆ శబరుల పేరు నేటికీ మన సవర సోదరుల పేరులో వినబడుతుంది. అదే వరసలో ఆంధ్రుల పేరు, ద్రావిడుల పేరు కూడా ఉన్నాయి!

అంటే ఒకప్పుడు ఆంధ్రుల పాటా, అడవి బిడ్డల పాటా ఒకే పంక్తిలో బయట నిలబడ్డాయి. తరువాత ఆంధ్ర, ద్రావిడ దేశాల పాట లోపలికి వెళ్లింది. ఎలా వెళ్లింది? పురందరదాసు సరళీ వరుసలూ అలంకారాలూ పేర్చి పిల్లలకు పాఠం చేశారని చెబుతారు. వేంకటమఖి రాగాలను 72 మేళాలుగా సర్దారు. సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే పెద్ద గ్రంథాన్ని స్వరలిపితో సహా తెలుగులోనే అచ్చువేయించారు. ఆ తరువాత 1919లో విజయనగరం, 1929లో చిదంబరం వంటి చోట్ల కళాశాలలు వచ్చాయి. రాసుకున్నారు, వరసగా పేర్చుకున్నారు, బడి పెట్టుకున్నారు. ఈ మూడు పనులూ మన పాటకు ఇంకా జరగలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

మన దగ్గర పేర్చుకోవడానికి సరుకు లేదా? థింసానే తీసుకోండి. బయటివాళ్లు దాన్ని ఒకే నాట్యం అనుకుంటారు. గ్రామదేవతను కొలిచేటప్పుడు ఆడేది బోడ థింసా. ఆకు ఏరుతున్నట్టు ఆడేది పొతర్‌తోల. పులి వస్తే ఎలా తప్పించుకోవాలో చూపేది బాగ్ థింసా. ఒంటరిగా ఆడేది నాటికారి. పూనకం వచ్చినప్పటిది బాయ థింసా. గుండేరి, గొడ్డిబేట, కుండ ఇంకా ఉన్నాయి. ప్రతిదానికీ అడుగు వేరు, దరువు వేరు. తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు ఎప్పుడు కలవాలో, ఎప్పుడు ఆగాలో వాయించేవాళ్లకు తెలుసు. ఇటుకల పండుగకు ఒక పాట, కొర్రకొత్తకు ఇంకో పాట. అడుగు తప్పితే పక్కన చేయి పట్టుకున్న అక్క లాగి సరిచేస్తుంది. అదే మన పాఠం, అదే మన పరీక్ష.

ఆ పెద్దాయన నవ్వింది అందుకే. ఇన్నాళ్లూ ఆ పద్ధతి చాలింది. కానీ నేడు పిల్లలు ఐదో ఏటికే హాస్టల్‌కు వెళుతున్నారు. పండక్కి వచ్చేది రెండు రోజులు. ఆ రెండు రోజులూ డీజే బాక్సులదే రాజ్యం. చాలా ఊళ్లలో మోరి ఊదే తాత ఒక్కడే మిగిలాడు. అలాంటి మనిషి పోతే ఏమవుతుందో పక్క జిల్లాల అనుభవం చెబుతుంది. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మ కథను, కోయ వంశాల కథలను డోలి వాయిస్తూ పాడేవారు. ఆయన బడి చదువు చదవలేదు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆయన బతికుండగా పక్కన కూర్చుని నేర్చుకున్నదీ, రికార్డు చేసుకున్నదే మనకు మిగులుతుంది.

విశ్వవిద్యాలయంలోకి ఆదివాసీ పాట వెళ్లగలదా అంటే, వెళ్లిన చోటు ఉంది. ఝార్ఖండ్‌లోని దేవుడి అనే ముండా పల్లెలో 1939లో పుట్టిన రామ్‌దయాళ్ ముండా అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. అక్కడే స్థిరపడిపోవచ్చు. కానీ తిరిగివచ్చి రాంచీ విశ్వవిద్యాలయంలో గిరిజన, ప్రాంతీయ భాషల విభాగాన్ని నడిపారు, తరువాత ఆ విశ్వవిద్యాలయానికే ఉపకులపతి అయ్యారు. వేణువు ఊదేవారు, నగారా మోసేవారు, విద్యార్థులతో కలిసి వరసలో ఆడేవారు. ఆయనకు సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2010లో పద్మశ్రీ వచ్చాయి. పెద్ద చదువు చదివినందుకు ఆయన నగారా దించలేదు. ఈ ఒక్క విషయం చెప్పడానికే ఇంత రాశాం.

మరి ఆ చెల్లెలికి మా సమాధానం ఇది. సంగీతంలో డిగ్రీ ఉందమ్మా. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్ మ్యూజిక్ ఉంది, హిందూస్థానీ గానీ కర్ణాటక గానీ ఎంచుకోవచ్చు. సీయూఈటీతో పాటు పాడించి, వాయించి చూస్తారు కాబట్టి ఇంటర్ నుంచే సాధన మొదలుపెట్టాలి. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో ఖైరాగఢ్ రాజు తన మహల్‌నే ఇచ్చి 1956లో పెట్టించిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ జానపద సంగీతానికీ చోటుంది. దగ్గరగా మొదలుపెట్టాలంటే విజయనగరం ఉండనే ఉంది. ఆపైన ఎం.ఏ.కు ఆంధ్ర విశ్వవిద్యాలయం, పరిశోధనకు వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నాయి. ఎస్టీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్, పీహెచ్‌డీకి జాతీయ ఫెలోషిప్ ఉన్నాయి.

ఉద్యోగం మాటా దాచకుండా చెబుతున్నాం. ఈ దారిలో ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. సంగీతం టీచరు, ఆకాశవాణి, పరిశోధన, రికార్డింగ్ పనులు ఉన్నాయి. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడి, పక్కన బీఈడీ వంటి ఇంకో ఆధారం కూడా చూసుకుని దిగండి.

అక్కడ మొదటి ఏడాది మన పాట పాఠంలో కనబడదు. మాయామాళవగౌళతో మొదలవుతుంది. శ్రద్ధగా నేర్చుకోండి, అది కూడా ఒకప్పుడు బయట నిలబడి లోపలికి వెళ్లినవాళ్ల కష్టమే. స్వరలిపి చేతికి వచ్చాక సెలవులకు ఊరికి వచ్చి మోరి తాత పక్కన కూర్చోండి. ఆయన ఊదింది రాయండి, ఆయన పేరూ ఊరి పేరూ తేదీతో సహా రాయండి. నాలుగో ఏడాది ప్రాజెక్టుకు అంతకు మించిన విషయం ఏ ప్రొఫెసరూ ఇవ్వలేరు.

ఈ ఎండాకాలం మేము మండలంలో వాద్యకారుల పేర్ల జాబితా ఊరూరా తిరిగి రాయబోతున్నాం. మీ ఊళ్లో మోరి, తుడుము, కొమ్ము వాయించే పెద్దలు ఎవరున్నారో మాకు చెప్పండి. వీలైతే ఫోన్లో రికార్డు చేసి, వాళ్ల అనుమతి అడిగి పంపండి. డిగ్రీకి ఎవరు వెళ్లినా వెళ్లకపోయినా, ఈ పని ఈ ఏడాదే మొదలుకావాలి.