రాతిని కాపాడిన కాగితం

మొన్న సంక్రాంతి సెలవులకి మా మేనకోడలు వీరులపాడు వచ్చింది. వ్యవసాయ కాలేజీలో పెద్ద చదువు చదువుతోంది. అరిసెలు పట్టుకెళ్ళడానికి ఖాళీ సంచీ తెస్తుందనుకుంటే, సంచీ నిండా కాగితాలూ కంప్యూటరూ మోసుకొచ్చింది. రైతుల సమావేశంలో పెట్టడానికి మిరప పూతని పాడుచేసే నల్ల తామర పురుగు బొమ్మ తయారుచెయ్యాలట. 2021లో ఆ పురుగు మిరప రైతుల్ని ఎంత ఏడిపించిందో మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

పిల్ల రెండు రాత్రులు నిద్ర మానుకుని గీసింది. కాళ్ళు, మీసాలు, కుచ్చుల్లాంటి రెక్కలు, అన్నీ చక్కగా కుదిరాయి. తెర మీద చూసి "ఎంత బాగుందే!" అని నేనూ మురిసిపోయాను. మర్నాడు టౌనుకి వెళ్ళి రెండడుగుల వెడల్పు ఫోటో కాగితం మీద అచ్చు వేయించుకొచ్చింది. విప్పి చూస్తే ఏముంది? పురుగు అంచులన్నీ మెట్లుమెట్లుగా ఉన్నాయి. తెర మీద మెరిసిన ఆకుపచ్చ కాస్తా ఉడికిన తోటకూర రంగుకి తిరిగింది. పైగా, మజ్జిగ తాగడానికి వచ్చిన పక్కింటి పెద్దాయన ఆ బొమ్మని ఎగాదిగా చూసి, "ఇంత పురుగైతే మందెందుకమ్మాయ్, చెప్పుతో కొడితే సరిపోదూ!" అన్నాడు.

మేమంతా నవ్వేశాం. పిల్ల కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి. ఆ పురుగు అసలు పొడవు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఆ సంగతి బొమ్మలో ఎక్కడా లేదు.

"ఏడవకే. రెండు వందల ఏళ్ళ కిందట ఇదే తిప్పలు పడ్డవాళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నారు" అన్నాను. నేను చరిత్ర చదువుకున్నదాన్ని. ఏ గొడవ వచ్చినా పాత కథలోకి దూరిపోవడం నా అలవాటు. మావారు అప్పటికే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మా వైపు నుంచి కృష్ణ దాటితే అమరావతి. 1796 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు చింతపల్లి నుంచి తన మకాం అక్కడికి మార్చారు. తండ్రి పేర జగ్గయ్యపేట కట్టించిన జమీందారు ఆయనే. కొత్త ఊరికి ఇళ్ళు కట్టాలి, గుడి బాగుచెయ్యాలి. పక్కనే దీపాలదిన్నె అనే దిబ్బ ఉంది. తవ్వితే తెల్లటి రాళ్ళు, వాటి నిండా బొమ్మలు. అది బౌద్ధుల మహాచైత్యమని అప్పటికి తెలిసినవాళ్ళెవరు? కొన్ని రాళ్ళు గోడల్లోకి వెళ్ళాయి. కొన్ని సున్నపు బట్టీల్లోకి వెళ్ళాయి. మనం పాత పట్టుచీర వెండి జరీ కోసం కాల్చేస్తామే, అలా అన్నమాట! ఏ చీరని కాల్చామో కాలిన తర్వాత ఎవరికి గుర్తుంటుంది?

1797లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి ఆ దిబ్బని చూశాడు. ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఈయన దగ్గర పనిచేసి ఊరూరి చరిత్రలు సేకరించినవాళ్ళే. మెకంజీ మళ్ళీ 1816లో చిత్రకారుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి దిబ్బ చాలావరకు పాడైపోయింది. నడిమధ్యన చెరువు తవ్వేశారు. ఉన్నవన్నా మిగుల్చుకోవాలని రాయి రాయికీ బొమ్మ గీయించాడు. ఆ సంపుటంలో 80కి పైగా బొమ్మలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలోని కొన్ని రాళ్ళు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు. రాయి పోయింది, కాగితం మిగిలింది!

ఆ గీసినవాళ్ళు సర్వే మనుషులు. పొలం పటం గీసినట్టే శిల్పాన్నీ కొలిచి గీశారు. అందం కోసం చెయ్యి విరిగిన బొమ్మకి చెయ్యి అతికించకుండా, విరిగింది విరిగినట్టే చూపించడం వాళ్ళ పని. శాస్త్రానికి గీసే బొమ్మకీ గోడకి తగిలించుకునే బొమ్మకీ తేడా అక్కడే ఉంది.

తర్వాత 1845లో వాల్టర్ ఎలియట్ మరికొన్ని రాళ్ళు తవ్వించి మద్రాసు పంపించాడు. అక్కడవి ఏళ్ళ తరబడి ఎండకి ఎండి, వానకి తడిశాయి. 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే ఫోటోగ్రాఫరు వాటిని ఫోటోలు తీశాడు. ఆ తర్వాతే అవి ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడైనా సుఖపడ్డాయా అంటే అదీ లేదు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ వెతికి పట్టుకునేదాకా ఒక బండ్ల కొట్టంలో పడున్నాయి. ఆయన వాటి ఫోటోలతో మరుసటి ఏడాదే పుస్తకం వేశాడు.

1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు దిబ్బంతా తవ్వించాడు. ఏ రాయి ఎక్కడ దొరికిందో సరిగా రాసిపెట్టనేలేదు. మంచి మనసుతో చేసిన పనే! మంచి మనసుతో పెట్టె సర్ది, ఏది ఎక్కడ పెట్టారో చెప్పకుండా వెళ్ళిపోయిన చుట్టాల్ని మనం ఎరగమా?

ఆ తర్వాత వచ్చిన జేమ్స్ బర్జెస్ 1882లో మన జగ్గయ్యపేటకీ వచ్చాడు. ధనబోడు అనే గుట్ట మీద స్తూపం బయటపడింది. రాళ్ళకి ఫోటోలు, బొమ్మలు, శాసనాలకి అచ్చులు తయారుచేసి, అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద 1887లో పెద్ద పుస్తకం ప్రచురించాడు. తడికాగితాన్ని రాతిమీద పరిచి, కుంచెతో కొట్టి, అక్షరాల గుంటల్లోకి దించి సిరా అద్దితే శాసనం ఉన్నదున్నట్టు కాగితం మీదికి వస్తుంది. మన కంటికి కనిపించినట్టు రాసుకుంటే పొరపాటు పడవచ్చు. అచ్చు తీస్తే ఆ భయం తక్కువ.

విచిత్రం చూడండి, అదే 1882లో జర్మనీలో మైసెన్‌బాక్ అనే ఆయన ఫోటోని చుక్కలుగా విడగొట్టి అచ్చువేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఈ పత్రికలో ఫోటోని భూతద్దంతో చూడండి, అన్నీ చుక్కలే కనిపిస్తాయి.

చుక్కలనగానే మా పిల్లకి దాని తప్పు తెలిసింది. ఎదురుగా వాకిట్లో ముగ్గే ఉంది కదా! ఇరవై ఒక్క చుక్కల ముగ్గు చిన్న వాకిట్లో వేస్తే ముచ్చటగా ఉంటుంది. అవే చుక్కల్ని వీధంతా సాగదీసి పెడితే గీత కలుస్తుందా? దాని బొమ్మలో అడ్డంగా ఉన్నవి 1200 చుక్కలు. ఇరవై నాలుగు అంగుళాల కాగితం మీద పరిస్తే అంగుళానికి 50. దగ్గర పెట్టుకుని చూసే మంచి ఫోటోకి అంగుళానికి 300 కావాలి. అంటే 7200 చుక్కలన్నమాట. తర్వాత సాగదీస్తే కంప్యూటరు చుక్కల్ని ఊహించి కలుపుతుందే కానీ, గీయని రోమాన్ని తేలేదు. అందుకే మొదటే పెద్దదిగా గీయాలి. లేదా చుక్కలతో పనిలేకుండా గీతల్ని లెక్కల రూపంలో దాచుకునే వెక్టర్ పద్ధతిలో గీయాలి. దాన్ని ఎంత పెంచినా అంచు చెదరదు.

రంగు సంగతి వేరు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. దీపం కాంతిలో కొన్న చీర పగలు చూస్తే మరో రంగులో కనిపించడం మనకి తెలీని విద్యా? ఫోటో ప్రింటు వేసేవాళ్ళు సాధారణంగా తెర రంగుల్లోనే ఇమ్మంటారు, పుస్తకాల ప్రెస్సువాళ్ళు నాలుగు సిరాల లెక్కలో ఇమ్మంటారు. ముందే అడిగి, చిన్న ముక్క మీద ఒకసారి వేయించి చూసుకుంటే డబ్బూ మిగులుతుంది, పరువూ మిగులుతుంది. దాచుకునే మూలప్రతి టిఫ్‌లో ఉంచాలట. జేపెగ్‌లో అయితే మార్చి దాచిన ప్రతిసారీ కొంత కొంత అరిగిపోతుందని మా పిల్లే చెప్పింది.

అన్నిటికంటే ముఖ్యమైనది కొలత. "వంద రెట్లు పెంచినది" అని కింద రాస్తే, ఆ బొమ్మని ఎవరైనా చిన్నదిగా అచ్చువేసిన రోజున ఆ మాట అబద్ధమైపోతుంది. అదే బొమ్మలోనే చిన్న గీత గీసి "1 మిల్లీమీటరు" అని రాస్తే, బొమ్మతోపాటు గీతా పెరుగుతుంది, తగ్గుతుంది. సర్వే పటాల్లో కొలబద్ద గీసేవాళ్ళకి ఈ కిటుకు ఏనాడో తెలుసు.

మూడో రోజుకి కొత్త అచ్చు వచ్చింది. పురుగు కింద కొలతగీత, పక్కన మిరప పువ్వులో అసలు సైజు నలుసు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని ఆ నలుసు దగ్గరికి వంగాడు. "ఓర్నీ, ఇదా! పూతలో దుమ్మనుకుని దులిపేశానే" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ధనబోడు శాసనాల్లో ఒక శిల్పి మాట ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తు తర్వాత మూడో శతాబ్దిలో, నాగచంద్రుని కొడుకు సిద్ధార్థుడు ఈ స్తంభాలు ఇచ్చాడని రాసుంది. తల్లినీ, ఇల్లాలినీ, పిల్లల్నీ, తోబుట్టువుల్నీ కూడా మర్చిపోకుండా కలుపుకున్నాడు. అచ్చు సరిగా తీసినవాళ్ళుండబట్టి కదా, ఆ సంసారం సంగతి ఇవాళ మనం చెప్పుకుంటున్నాం!

"నీ పేరు కూడా మూలన చిన్నగా వేసుకోవే" అన్నాను మా పిల్లతో.

"పురుగు కిందా అత్తా?" అంది నవ్వుతూ. కానీ వేసుకుంది. పక్కన తారీఖు కూడా వేసింది.