గార : పదము, పదార్థము

శాసనములకెక్కిన విషయములే చరిత్రయని తలచుట పొరపాటు. వంటింటి పనులకు శాసనములు లేవు. పదములు మాత్రము కలవు. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల యిండ్లలో నూతినీటిని కాచిన ఇత్తడి కాగులలో పేరుకొను తెల్లని పెచ్చును, దానిని వదల్చు పద్ధతిని ఒక పదము ఆధారముగా ఇచ్చట పరిశీలింపదలచితిమి.

ఆ పదము 'గార'. గోడకు పూయు సున్నపుపూత యని దాని కొక అర్థము. దంతములపై గట్టిపడు మలినమని వేరొక అర్థము. కాగునకు పట్టిన పెచ్చును గూడ గార యనియే అందురు. ఇది కంటికి తోచిన పోలికచే ఏర్పడిన వ్యవహారము కావచ్చును. కాని గోడకును కాగునకును సంబంధించినంతవరకు రసాయనశాస్త్రము ఆ పోలికను నిజమనుచున్నది. గోడమీది సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి కాల్షియం కార్బొనేటుగా గట్టిపడును. కఠినజలము కాగునపుడు ఆ వాయువే వెడలిపోవగా, కరగియున్న కాల్షియం బైకార్బొనేటు కార్బొనేటుగా మారి పాత్రకు అంటుకొనును. త్రోవలు వేరు, పదార్థ మొక్కటే. దంతముల గారలో మాత్రము ఫాస్ఫేటులు ప్రధానములు.

ఈ ప్రాంతమునకు సమీపమున, అనంతగిరి కొండలలో గోస్తనీనది చెంతనున్న బొర్రా గుహలు ఇట్టి క్రియకే పెద్ద నిదర్శనము. వాననీరు సున్నపురాతిని కరగించి, గుహలో బొట్టుబొట్టుగా జారుచు, తనలోని వాయువును కోల్పోయి రాతిస్తంభములను కట్టినది. అచ్చట యుగములు పట్టిన పని కాగులో కొలది నెలలలోనే కానవచ్చును.

ఈ గారకు మన గృహిణులు కనుగొన్న విరుగుడు పులుపు. చింతపండులోని పులుపునకు ముఖ్యకారణము టార్టారిక్ ఆమ్లము. స్వీడను దేశపు రసాయనికుడు షీలే దీనిని 1769లోను, నిమ్మరసమునుండి సిట్రిక్ ఆమ్లమును 1784లోను వేరుచేసెను. ఆమ్లము తగిలినచో గార బుడగలతో పొంగును; ఆ బుడగలు బొగ్గుపులుసు వాయువే. అయితే అప్పుడేర్పడు కాల్షియం టార్ట్రేటు నీటిలో అంతగా కరుగదు. కావున చింతపండుతో నానబెట్టుట మాత్రమే చాలదు, రుద్దవలెను. కొబ్బరికి పేరొందిన ఉద్దానమున్న ఈ సీమలో పీచునకు కొరత లేదు. బూడిదలోని క్షారము జిడ్డును తీయును గాని గారను తీయజాలదు. రెంటిని కలిపినచో ఒకదాని బలమును మరియొకటి హరించును. పులుసు ముందు, బూడిద తరువాత అను క్రమమునకు అర్థ మిదియే.

ఈ విద్యలో హెచ్చరికయు కలదు. శ్రీకాకుళం జిల్లాలోని బుడితి గ్రామము ఇత్తడి, కంచు పనులకు ప్రసిద్ధి. ఇత్తడి రాగి, యశదముల మిశ్రమము. కంచు రాగి, తగరముల మిశ్రమము. పులుసు గారతో ఆగక, నిలువయుంచినచో రాగిని గూడ కొంత కరగించును. అందుచేతనే ఇత్తడి వంటపాత్రలకు తగరపు కళాయి అవసరమైనది. సున్నపు గచ్చునేలపై ఒలికిన పులుసును వెంటనే కడుగవలసినదియు ఇందుకే. పులుసునకు కాగులోని గార, నేలలోని గార అను భేదము లేదు. పదము చెప్పిన యేకత్వమును పులుసు ఈ విధముగా ఋజువుచేయుచున్నది.

నేడు కాగుల స్థానమున గీజరులు వచ్చినవి. వాని తీగచుట్టలకును గార పట్టుచున్నది. దానిని తీయుటకు దుకాణపు ఆమ్లములు వచ్చినవి. కాగుతోపాటు దానిచుట్టు నల్లుకొన్న పదములును మరుగుపడుచున్నవి. శ్రీకాకుళ సీమలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి జీవద్భాష గౌరవమునకై జీవితమంతయు పోరాడెను. మాండలిక వృత్తిపదకోశములు 1962లో వ్యవసాయపదములతో ఆరంభమై, 1971లో చేనేతపదములతో కొనసాగినవి. కాగులు తోమిన వృద్ధస్త్రీలు ఇంకను మన మధ్య నున్నారు. వంటింటి పదములను పనిముట్లతోను, పని క్రమముతోను కూడ వారినుండి వ్రాసికొనుట మన శాఖల విద్యార్థులు వెంటనే చేపట్టదగిన పని యని మా అభిప్రాయము.