ఫిడేలు కడుపులో చీటీ



కిందటేడు బాలల కార్యక్రమంలో వాద్యాల గురించి మాట్లాడుతూ, "మా కుటుంబంలో మూడువందల ఏళ్ళనాటి ఇటలీ ఫిడేలు ఒకటి ఉంది పిల్లలూ!" అని చెప్పాను. అది తప్పు. చెప్పినప్పుడు నిజమనే నమ్మాను గానీ, నమ్మి చెప్పినంతమాత్రాన తప్పు ఒప్పయిపోదు కదండీ. సరే దిద్దుకుందామని కూర్చుంటే ఒక్క వాక్యంతో పోయేటట్టు లేదు. ఆ అబద్ధం నేను పుట్టించింది కాదు, మా మామగారు కాదు, ఆయన తండ్రిగారూ కాదు. ఫిడేలు కడుపులో అంటించి ఉన్న ఒక కాగితం ముక్క చెప్పిన అబద్ధం అది. ఇవాళ ఆ కాగితం కథే చెబుతాను.

మా మామగారి తండ్రిగారు 1930 ప్రాంతాల్లో విజయనగరంలో ఉద్యోగం చేశారు. ఆ రోజుల్లో విజయనగరం అంటే మాటలా! 1919లో అక్కడ మహారాజావారి సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే ఫిడేలు ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాలు అయ్యారు. ఆ గాలి సోకిన గుమాస్తాలూ, ప్లీడర్లూ, బడిపంతుళ్ళూ కూడా ఇంటికో ఫిడేలు కొనుక్కున్నారట. మా పెద్దాయన నాయుడుగారి శిష్యులేం కాదు, వరండాలో నిలబడి విన్నవారు. మద్రాసులో ఫిడేలు కొనుక్కుని, సాయంత్రాలు తనకోసం తాను వాయించుకున్నారు. ఉద్యోగం అయ్యాక దాన్ని పెట్టెలో పెట్టుకుని నర్సీపట్నం వచ్చేశారు.

ఫిడేలుకి రెండుపక్కలా ఎఫ్ అక్షరంలాంటి కన్నాలుంటాయి, చూసే ఉంటారు. ఎడంవైపు కన్నంలోంచి తొంగి చూస్తే అడుగు చెక్క మీద పసుపుపచ్చని చీటీ కనిపించేది. "ఆంటోనియస్ స్ట్రాడివేరియస్ క్రెమోనెన్సిస్ ఫేసీబాట్ అన్నో 1721" అని దాని మీద అచ్చు. క్రెమోనా వాసి స్ట్రాడివేరియస్ 1721వ సంవత్సరంలో చేసెను అని, లాటిన్ భాషలో. ఈ చీటీని మా మామగారు పండగలకి వచ్చిన బంధువులందరికీ చూపించేవారు. పిల్లలు వరసగా నిలబడి ఒక కన్ను మూసుకుని చూసేవారు. నేనూ కొత్తకోడలిగా అలాగే చూశాను.

ఈ సరదా ఆస్తి పంపకాల నాటికి సరదాగా లేదు. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ పంచుకున్నప్పుడు, ఫిడేలుకి విలువ కట్టాలన్నారు. పేపర్లలో చదువుతూంటాం కదా, స్ట్రాడివేరియస్ ఫిడేళ్ళు కోట్లకి పోయాయని. మా బావగారు, అక్కయ్య (అంటే మా తోటికోడలు) తమ పిల్ల సంగీతం నేర్చుకుంటోందని ఫిడేలు తీసుకుని, దానికి బదులు పెరటివైపు జాగాలో తమ వాటా మాకు వదిలేశారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. చీటీని నమ్మారు, అంతే.

కిందటి వేసవిలో తీగెల మెట్టు ఊడిందని అక్కయ్యా నేనూ చెన్నై తీసుకెళ్ళాం. ఫిడేళ్ళు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి ఏమీ మాట్లాడలేదు. లోపలికెళ్ళి గుప్పెడు బియ్యం తెచ్చి, కన్నంలోంచి లోపల పోసి, చంటిపిల్లని ఊపినట్టు ఊపారు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లోపలి దుమ్ము వదలడానికి అదే పద్ధతట! బియ్యం నల్లగా బయటికొచ్చాయి. అప్పుడాయన టార్చిలైటూ, పళ్ళ డాక్టర్ల దగ్గరుండేలాంటి చిన్న అద్దమూ ఇచ్చి, "ఇప్పుడు చివరి వరస చదవండమ్మా" అన్నారు. ఎనభై తొంభై ఏళ్ళ దుమ్ము కింద చీటీలో ఇంకో వరస ఉంది. చిన్న అక్షరాలు. "మేడ్ ఇన్ జర్మనీ."

అక్కయ్య వైపు చూడలేకపోయాను.

ఆ చివరి వరస ఎందుకు వచ్చిందో తరువాత చదివి తెలుసుకున్నాను. 1887లో ఇంగ్లండులో ఒక చట్టం చేశారు. పరాయిదేశపు సరుకు మీద ఇంగ్లీషు పేరో, గుర్తో ఉంటే, అది నిజంగా ఎక్కడ తయారైందో కూడా పక్కన చెప్పాలి. 1889లో మన దేశంలోనూ సరుకుల గుర్తుల చట్టం వచ్చింది. 1890లో అమెరికావాళ్ళు తమ దిగుమతి సుంకాల చట్టంలో, ఏ దేశపు సరుకైనా ఆ దేశం పేరు ఇంగ్లీషు అక్షరాలలో వేసి రావాలన్నారు. కాబట్టి మా ఫిడేలు చేయించినవాడు చట్టం తప్పినవాడు కాదు. అబద్ధం పెద్దక్షరాలలోనూ, నిజం చిన్నక్షరాలలోనూ వేశాడు.

ఆంటోనియో స్ట్రాడివారి ఇటలీలోని క్రెమోనా పట్నంలో తొంభై ఏళ్ళు దాటి బతికి, 1737లో చనిపోయాడు. ఆయన చేతిమీదుగా వెయ్యికి పైగా వాద్యాలు తయారైతే, ఇప్పుడు మిగిలినవి సుమారు 650 అంటారు. ఆ లెక్కన ఆయన పేరుగల చీటీలు అన్నే ఉండాలి కదా? ప్రపంచంలో లక్షల ఫిడేళ్ళలో ఉన్నాయి. మన దేశంలో పాత ఫిడేలున్న ఇంట్లో వెతికితే చాలామందికి దొరుకుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో మార్క్‌న్యూకిర్షెన్, మిట్టెన్‌వాల్డ్, ఫ్రాన్సులో మిర్‌కూర్ అనే ఊళ్ళు ఫిడేళ్ళ ఊళ్ళయిపోయాయి. మార్క్‌న్యూకిర్షెన్ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటిల్లిపాదీ అదే పని. ఒక ఇంట్లో మెడలు చెక్కుతారు, ఒక ఇంట్లో పెట్టెలు, ఇంకొకరు బిరడాలు, మరొకరు వార్నీషు. వ్యాపారి అన్నీ పోగుచేసి, అతికించి, చీటీ వేసి ఓడ ఎక్కిస్తాడు. తీసిపారేసే పని అనుకోకండి, మా ఫిడేలు నాదం ఇప్పటికీ బాగుంటుంది.

ఆ వ్యాపారులు చెప్పే సమాధానం ఒకటుంది. చీటీ అంటే "ఈ ఫిడేలు స్ట్రాడివారి నమూనాలో చేసినది" అని మాత్రమే అర్థం, ఆ ధరకి అసలుది రాదని కొనేవాడికి తెలుసు అని. నిజమే. కొట్లో "బెనారస్ మోడల్" చీర చూపిస్తే అది కాశీలో నేసిందని మనం అనుకుంటామా? మా పెద్దాయన కూడా గుమాస్తా జీతంతో కొన్నారు, ఆయనకి తెలిసే ఉండాలి. మా మామగారికి చెప్పలేదో, చెప్పినా ఆయనకి గుర్తులేదో. ఇచ్చిన డబ్బెంతో మరిచిపోయాం, అమ్మినవాడు నోటితో ఏం చెప్పాడో మరిచిపోయాం. చీటీ మాత్రం ఉండిపోయింది. నాకు ఇక్కడే పట్టింపు. నిజం తెలిసినవాళ్ళు ఒక తరంలో పోతారు, అచ్చు వేసిన పేరు మూడు తరాలు మాట్లాడుతుంది. వినడానికి దానికి పోటీగా ఇంకో గొంతు ఉండదు.

ఈ పాపం స్ట్రాడివారి పేరుతో మొదలైంది కూడా కాదు. 1685లో, ఆయన ఇంకా పని చేస్తూండగానే, మొడెనా సంస్థానంలో తొమాసో వితాలి అనే ఫిడేలు విద్వాంసుడు తన ప్రభువుకి ఫిర్యాదు పెట్టుకున్నాడు. నికొలో అమాతి చేసిన ఫిడేలని 12 పిస్టోలులు, అంటే బంగారు నాణేలు, పోసి కొన్నాడట. తీరా చూస్తే అమాతి చీటీ కింద ఇంకో చీటీ, ఫ్రాంచెస్కో రుజ్జేరి పేరుతో. రుజ్జేరి ఫిడేలు ధర మహా అయితే మూడు నాణేలు. చిత్రం ఏమిటంటే రుజ్జేరి కూడా క్రెమోనావాడే, మంచి పనివాడే. ఇప్పుడు ఆయన ఫిడేళ్ళకీ గొప్ప గిరాకీ. అమ్మినవాడు వితాలిని మోసం చేశాడు సరే, రుజ్జేరికి చేసిందేమిటి? ఆయన పేరు మీద ఇంకొకరి పేరు అంటించాడు. ఆ ఫిడేలు ఎంత బాగా పలికినా పొగడ్త అమాతికి పోతుంది.

నకలు చేయడమే తప్పంటే నేను ఒప్పుకోను. ముగ్గులు చూసి ముగ్గులు వేస్తాం, అత్తగారి చేతి పులుసు చూసి పులుసు పెడతాం. పారిస్‌లో వుయోమ్ అనే ఆయన (1798–1875) స్ట్రాడివారికీ గ్వార్నేరికీ నకళ్ళు చేయడంలో దిట్ట. పగానిని ఫిడేలు మరమ్మతుకి వస్తే దానికి జత చేసి పక్కన పెట్టాడనీ, పగానినియే ఏది తనదో పోల్చుకోలేకపోయాడనీ చెప్పుకుంటారు. వుయోమ్ నకళ్ళలో పాతవాళ్ళ చీటీలు అతికించిన మాట నిజమే. కానీ లోపల తన సంతకమో, వరస నంబరో కూడా వేసేవాడు. అందుకే ఇవాళ అవి వుయోమ్ ఫిడేళ్ళుగానే గౌరవం పొందుతున్నాయి.

ఈ కథంతా మా మేనల్లుడికి చెప్పాను. వాడు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్నాడు, ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కున్నాడు. చవకరకం నకలు. దాని తల మీద గిబ్సన్ కంపెనీ పేరున్న స్టిక్కరు విడిగా తెప్పించి వాడే అంటించుకున్నాడు. "నేనేం అమ్ముతానా అత్తా, నా సరదా నాది" అన్నాడు. అమ్మకపోవచ్చు. నీ తరవాత ఎవరు అమ్ముతారో, ఎవరు పంచుకుంటారో నీకు తెలుసా నాయనా అన్నాను. మా పెరటి జాగా సంగతి వాడికీ తెలుసు, మాట్లాడలేదు. తరవాత వాడే నాకో కథ చెప్పాడు. జపానులో నగోయా పట్నపు హోషినో కంపెనీవారు 1929లో స్పెయిన్ దేశస్థుడు సాల్వడార్ ఇబానెజ్ చేసిన గిటార్లు దిగుమతి చేసుకున్నారట. తరవాత్తరవాత తాము చేయించే గిటార్లకి ఆ పేరే పెట్టుకున్నారు! 1970లలో అమెరికా గిటార్లని దించినట్టు నకలు చేశారు. తల ఆకారం తమదేనని 1977లో గిబ్సన్ యాజమాన్యం కోర్టుకి వెళ్ళింది, వ్యవహారం రాజీ అయింది. అప్పటికే వాళ్ళు తల ఆకారం మార్చేసుకుని సొంత నమూనాలు మొదలుపెట్టారు. ఇవాళ ఇబానెజ్ గిటార్లకే పెద్ద పేరుందట. "అయితే ఇప్పుడు వాళ్ళకీ నకళ్ళు ఉంటాయిరా" అంటే, "ఉన్నాయి" అన్నాడు నవ్వుతూ.

ఇంత దూరం పోవడమెందుకు, మన బొబ్బిలి సంగతి చూడండి. బొబ్బిలి అనగానే 1757 నాటి యుద్ధం అంటారు గానీ, నాకు ముందు వీణ గుర్తొస్తుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరుగలవారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనస దుంగ ఒక్కటే తీసుకుని కుండ, దండి, మెడ అన్నీ అందులోంచే తొలుస్తారు, దాన్ని ఏకాండి వీణ అంటారు. అతుకు లేకపోవడం వల్ల నాదం ఎక్కడా ఆగదంటారు. మైనంలో 24 మెట్లు అమర్చి, ఒక్కొక్క మెట్టునీ చెవితో సరిచూసుకుంటూ కూర్చోబెట్టాలి. కొలబద్ద చేసే పని కాదది.

క్రెమోనాలో పేరు మనిషిది, బొబ్బిలిలో పేరు ఊరిది. ఊరి పేరుకి సంతకం ఎవరు పెడతారు? ఎవరు పడితే వారు వాడుకోవచ్చునని చాలాకాలం అనుకున్నారు. 1999లో పార్లమెంటు భౌగోళిక గుర్తింపు చట్టం చేసింది, 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. తరువాత పదేళ్ళలోపే బొబ్బిలి వీణకి ఆ గుర్తింపు దొరికింది. మాకు దగ్గరలోని ఏటికొప్పాక లక్కబొమ్మలకి 2017లో దొరికింది. ఇంకెక్కడో చేసిన వీణకి బొబ్బిలి పేరు తగిలించి అమ్మితే ఆరు నెలలనించి మూడేళ్ళదాకా జైలు, యాభైవేలనించి రెండు లక్షలదాకా జరిమానా ఉంది. నూజివీడులోనూ వీణలు చేస్తారు, తంజావూరులోనూ చేస్తారు. నూజివీడు వీణ నూజివీడు పేరుతో గొప్పది, దానికి బొబ్బిలి పేరు అరువు ఎందుకు?

అయితే చట్టం చూసుకునేది పేరు అరువు తెచ్చుకున్నవాడిని. పేరు పోగొట్టుకున్నవాడి మాట ఎవరు అడుగుతారు? ఇళ్ళలో అప్పడాలు ఒత్తే ఆడవాళ్ళకి ఇది తెలుసు. ఎండలో కూర్చుని ఒత్తేది మనం, పాకెట్టు మీద ఉండేది కొట్టువాడి పేరు. అప్పడం బాగుంటే "ఫలానా వారి అప్పడం" అంటారు. మా ఫిడేలు మెడ చెక్కిన ఇల్లు ఏది, వార్నీషు రాసిన చెయ్యి ఎవరిది? ఎవరో తల్లి పిల్లల్ని పడుకోబెట్టి దీపం దగ్గర రాసిందేమో. ఆ చీటీ స్ట్రాడివారికి చేసిన నష్టం ఏమీ లేదు, ఆయన పోయి అప్పటికే రెండువందల ఏళ్ళు కావస్తోంది. చెరిపేసింది ఈ ఇంటివాళ్ళని.

చెన్నై పెద్దాయన పాత చీటీ పీకవద్దన్నారు, అది కూడా ఫిడేలు చరిత్రలో భాగమేనట. అందుకని అక్కయ్య తెల్లకాగితం మీద తెలుగులో రాసింది: "ఇది జర్మనీలో చేసిన ఫిడేలు. చేసినవారి పేర్లు తెలియవు." కింద తన సంతకం, తేదీ. దాన్ని పాత చీటీ పక్కనే అంటించమంటే, ఆయన సన్నటి పటకారుతో కన్నంలోంచి దింపి అంటించి, కూలి తీసుకోలేదు. పిల్ల దాని మీదే ఇప్పుడు వర్ణాలు వాయిస్తోంది.

పెరటి జాగా సంగతి దసరాకి అన్నదమ్ములిద్దరూ కూర్చుని మాట్లాడుకుంటామన్నారు. మావారు ఇంకా ఏమీ తేల్చలేదు, నేను రోజూ గుర్తుచేస్తూనే ఉన్నాను. బాలల కార్యక్రమం పిల్లలకి మాత్రం వచ్చే వారం నేనే చెప్పుకోవాలి.